సీసాలో నీళ్లు, సంచిలో మందు: రొయ్యల చెరువు నీటిపై అపోహలు – వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులకు నీటి పరీక్షలు చేయడం నా పని. పొద్దున తొమ్మిది దాటేసరికి ల్యాబ్ ముందు బైకులు ఆగుతాయి. చాలామంది చేతిలో కూల్‌డ్రింక్ సీసా, అందులో సగానికి నీళ్లు. "ఆక్సిజన్ ఎంతుందో చూడండి" అంటారు. ఆ సీసా దగ్గరే మొదలుపెడతాను.

అపోహ: సీసాలో నీళ్లు తెస్తే ల్యాబ్‌లో అన్నీ తెలిసిపోతాయి

ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, ఖనిజాలు తెలుస్తాయి. ఆక్సిజన్ తెలియదు. బైకు కుదుపులకు సగం ఖాళీ సీసాలో నీళ్లు గాలిని కలుపుకుంటాయి. లోపలి నాచు, బ్యాక్టీరియా దారి పొడవునా ఆక్సిజన్ తాగుతూనే ఉంటాయి. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) కూడా మారిపోతుంది. అంటే నేను చెప్పే అంకె ఆ సీసాది, మీ చెరువుది కాదు.

ఆక్సిజన్‌ను గట్టు మీదే, ఆక్సిజన్ మీటరు కొనను చెరువు అడుగు దాకా దించి, తెల్లవారుజామున నాలుగైదు గంటల మధ్య చూడాలి. అప్పుడు 3 పీపీఎం (లీటరుకు 3 మిల్లీగ్రాములు) ఉన్న చెరువే మధ్యాహ్నం మూడింటికి 10 దాటొచ్చు. పుస్తకంలో అంకె పక్కన టైం రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

అపోహ: నీళ్లు ఎంత పచ్చగా ఉంటే అంత మంచిది

పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రి దాన్ని వాడుకుంటుంది. చాలా చెరువుల్లో రాత్రిపూట రొయ్యల కంటే నాచు, బ్యాక్టీరియా తినే ఆక్సిజనే ఎక్కువ. నీళ్లలోకి దించి చూసే పళ్లెం, సెక్కీ డిస్క్, 30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య కనబడకుండా పోతే సరిపోతుంది. డిస్క్ లేకపోతే చెయ్యి మోచేతి దాకా ముంచండి, అరచెయ్యి కనబడీ కనబడనట్టు ఉండాలి. మణికట్టు మునిగేసరికే మాయమైతే నాచు (బ్లూమ్) ముదిరింది. గాలికి కొట్టుకొచ్చి ఒక మూల చిక్కటి నురగ పేరుకుని, రంగు ఒక్కసారిగా విరిగిందంటే నాచు చచ్చిపోతోందన్నమాట, ఆ రాత్రి నిద్ర మానుకోవాల్సిందే.

అపోహ: ఆక్సిజన్ టాబ్లెట్లు ఉంటే భయం లేదు

ఒక రైతు తెల్లవారుజామున ఫోన్ చేశారు. "రెండు కిలోలు వేశామండీ, అయినా రొయ్య తేలుతోంది." ఆయనకు ఫోన్లోనే లెక్క చెప్పాను. మీరూ వేసి చూడండి.

ఎకరం చెరువు, నాలుగడుగుల నీళ్లు అంటే సుమారు 49 లక్షల లీటర్లు. అంత నీటిలో ఆక్సిజన్‌ను 1 పీపీఎం పెంచాలంటే దాదాపు 5 కిలోల ఆక్సిజన్ కలవాలి. మనకు దొరికే టాబ్లెట్లు ఎక్కువగా సోడియం పెర్‌కార్బొనేట్. కిలోకు 130 నుంచి 150 గ్రాముల ఆక్సిజన్ ఇస్తుంది. అంటే ఒక్క పీపీఎం కోసం దాదాపు 35 కిలోలు చల్లాలి! రెండు కిలోలు వేస్తే పెరిగేది 0.06 పీపీఎం. మీటరుకు అది కనబడను కూడా కనబడదు. అడుగున పడ్డచోట కాసేపు ఊరట ఇస్తుంది, అంతవరకే.

ఒక హెచ్‌పీ ఏరేటరు (నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రం) ఆక్సిజన్ తగ్గిన నీటిలో గంటకు సుమారు అర కిలో కలుపుతుంది, అదీ గంట తర్వాత గంట. 400 నుంచి 500 కిలోల రొయ్యకు ఒక హెచ్‌పీ అన్న లెక్క అందుకే. టాబ్లెట్ల డబ్బుతో డీజిల్ కొని, జనరేటర్ స్టార్ట్ అవుతుందో లేదో సాయంత్రమే ఒకసారి చూసుకోవడం మేలు.

అపోహ: అమ్మోనియా కనబడితే జియోలైట్, లేదంటే సున్నం

మంచినీటిలో జియోలైట్ అనే ఖనిజపు పొడి అమ్మోనియాను కొంత పట్టుకుంటుంది. ఉప్పునీటిలో సోడియం పోటీకి వచ్చి ఆ జాగాలన్నీ ఆక్రమించేస్తుంది. మన చెరువుల్లో అది చాలావరకు ఖరీదైన మట్టి. దుకాణాల వాళ్లు నా మీద కోప్పడే మాట ఇదే.

సున్నం సంగతి ఇంకా ప్రమాదం. పరీక్షలో వచ్చే అంకె మొత్తం అమ్మోనియాది, రొయ్యను చంపేది అందులో ఒక భాగమే. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7.5 ఉంటే ఆ విషభాగం రెండు మూడు శాతం, 8.5 అయితే 20 శాతం దగ్గర, 9 అయితే 45 శాతం దాకా. అమ్మోనియా ఉన్న చెరువులో కాల్చిన సున్నం చల్లి పీహెచ్ పెంచితే, ఉన్న విషానికి మనమే పదును పెట్టినట్టు.

అసలు అది ఎక్కడి నుంచి వస్తోంది? మేత నుంచి. 35 శాతం ప్రోటీన్ ఉన్న మేత 100 కిలోలు వేస్తే 5.6 కిలోల నత్రజని చెరువులో దిగినట్టు. అందులో పావు వంతు నుంచి మూడో వంతు లోపే రొయ్య ఒంటికి పడుతుంది. మిగిలినదంతా నీళ్లలోకి, అడుగు మట్టిలోకి. మొన్న ఒక చెరువులో చెక్ ట్రే (రొయ్య మేత తిందో లేదో చూసే పళ్లెం) పైకి తీయిస్తే, రెండు గంటల కిందట వేసిన మేత ఉబ్బి అలాగే ఉంది. పక్కనే కుర్రాడు తర్వాతి మేతకు బస్తా విప్పుతున్నాడు. ఆ చెరువుకు అసలు మందు, ఆ మేత బస్తా మూతి కట్టేయడమే.

అపోహ: ప్రోబయోటిక్ ఎంత వేస్తే అంత మంచిది

ప్రోబయోటిక్ అంటే మేలు చేసే బ్యాక్టీరియా. అవీ ఊపిరి పీల్చే ప్రాణులే. బెల్లం నీళ్లలో పెంచి సాయంత్రం కుమ్మరిస్తే రాత్రి ఆక్సిజన్‌లో వాటా అడుగుతాయి. పొద్దున, ఏరేటర్లు తిరుగుతుండగా వేయండి. చెరువులో క్రిములను చంపే శానిటైజర్ కొట్టిన రోజే వేస్తే చంపుకోవడానికి కొనుక్కున్నట్టు. రెండు మూడు రోజులు ఆగండి.

అపోహ: సాలినిటీ తగ్గితే ఉప్పు బస్తాలు వేస్తే చాలు

సాలినిటీ మీటరు ఉప్పదనం ఎంతో చెబుతుంది కానీ అందులో ఏముందో చెప్పదు. సముద్రపు నీటిని 5 పీపీటీకి (లీటరుకు 5 గ్రాముల ఉప్పుకు) పలుచన చేస్తే పొటాషియం 55 పీపీఎం దగ్గర ఉంటుంది. అదే 5 పీపీటీ బోరు నీటిలో చాలాసార్లు అందులో సగం కూడా ఉండదు. సముద్రంలో సోడియం, పొటాషియం 28:1 పాళ్లలో ఉంటాయి. ఉప్పు వేస్తే పెరిగేది సోడియమే, ఆ పాళ్లు ఇంకా చెడతాయి. రొయ్య సాఫ్ట్‌గా ఉండటం, పట్టుకోగానే నడుం వంగి తెల్లబడటం చూస్తే ముందు పొటాషియం పరీక్ష చేయించండి. వరి చేలో వేసే మ్యూరియేట్ ఆఫ్ పొటాషే ఇక్కడా పనికొస్తుంది. ఎకరం చెరువులో 10 పీపీఎం పెంచాలంటే 100 కిలోలు, అంటే రెండు బస్తాలు. ఒక్కరోజే కాదు, విడతలుగా.

అపోహ: నీళ్లు మారిస్తే అన్నీ సర్దుకుంటాయి

టైగర్ రొయ్య రోజుల్లో ఈ మాట చెల్లింది. 2009లో వనామీ రకం రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక చెరువులూ పెరిగాయి, పిల్ల సాంద్రతా పెరిగింది. అందరూ వదిలేదీ, అందరూ తోడుకునేదీ ఒకే డ్రెయిన్. పై చెరువులో వైట్ స్పాట్ వైరస్ జబ్బు వచ్చి రాత్రికి రాత్రి నీళ్లు వదిలేస్తే, తెల్లారి మీ మోటారు తోడేది ఆ నీళ్లనే. రిజర్వాయర్ చెరువులో బ్లీచింగ్ చేసి నిలబెట్టిన నీళ్లు లేకపోతే మార్చకండి.

అపోహ: వాన నీళ్లు చెరువుకు మంచివే

కుండపోత వాన పడితే మంచినీళ్లు తేలికగా పైన పొరలా నిలుస్తాయి, అడుగుకు ఆక్సిజన్ దిగదు. గట్టు మట్టి కొట్టుకొచ్చి పీహెచ్ పడిపోతుంది. మబ్బుకు నాచు పనిచేయదు. వాన మొదలవగానే మేత ఆపి, ఏరేటర్లు తిప్పి, తూము పై పలకలు తీసి పైనీళ్లు వదలండి. ఆ టైంలోనే కరెంటు పోతుంది, అది మాత్రం ఏ సీజన్‌లోనూ తప్పలేదు.