పదహారేళ్లకే గోల్‌పోస్టుల మధ్య: కుర్ర కీపర్ల మీద అపోహలు - వాస్తవాలు

పిల్లలకు ఫుట్‌బాల్‌లో గోల్‌కీపింగ్ నేర్పడం నా పని. ప్రాక్టీసు అయ్యాక గేటు దగ్గర తల్లిదండ్రులు ఆపి అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు అవే. వాటి వెనకున్న అపోహలే ఈ కింద రాస్తున్నాను. జవాబుకి నేను ఎక్కువగా ఎత్తేది ఒకే కీపర్ పేరు: ఆల్బాన్ లాఫాన్. 1999 జనవరిలో బుర్కినా ఫాసో రాజధాని వాగడూగులో పుట్టాడు. చిన్నప్పుడే ఫ్రాన్స్ చేరాడు, 2014లో తులూజ్ క్లబ్ అకాడమీలోకి వచ్చాడు. స్టార్ల కథల్లో కనిపించని సంగతులు అతని కెరీర్ మొదటి ఏళ్లలో చాలా ఉన్నాయి.

అపోహ: కీపర్ ముప్పై దాటితే గానీ పండడు. టీనేజ్ వాడిని నిలబెట్టడం జూదమే.

వాస్తవం: 2015 నవంబర్ 28న నీస్ మీద తులూజ్ తరఫున గోల్‌లో నిలబడేనాటికి లాఫాన్ వయసు 16 ఏళ్ల 10 నెలలు. ఫ్రెంచ్ మొదటి డివిజన్‌లో అంతకంటే చిన్న కీపర్ అంతవరకూ ఆడలేదు. తులూజ్ 2-0తో గెలిచింది, అతను గోల్ ఇవ్వలేదు. ఆ రికార్డు అంతకుముందు మికేల్ లాండ్రో పేరిట ఉండేది. 1996లో నాంత్ క్లబ్ తరఫున మొదటి మ్యాచ్ ఆడేనాటికి అతనికి పదిహేడేళ్లు. ఆ మ్యాచ్‌లోనే పెనాల్టీ ఆపాడు. ఆ తర్వాత అదే లీగ్‌లో 618 మ్యాచ్‌లు ఆడాడు. త్వరగా మొదలుపెట్టినవాడు త్వరగా అరిగిపోతాడనే వాళ్లకు ఇది చాలు.

అయితే ఈ అపోహ పూర్తిగా గాలిలోంచి పుట్టిందేమీ కాదు. పదహారేళ్లకే రిఫ్లెక్సులు ఉంటాయి, డైవ్ ఉంటుంది. లేనిది గొంతు. కార్నర్ వచ్చిందనుకోండి, అంటే మైదానం మూల నుంచి ఎదుటివాళ్లు గోల్ ముందుకు తన్నే బంతి. బంతి కాలు వదిలిన మరుక్షణం కీపర్ తేల్చుకోవాలి, లైను మీద ఉండాలా, జనం మధ్యలోంచి వెళ్లి అందుకోవాలా అని. వెళ్తే అడుగు కదిలేటప్పుడే "కీపర్!" అని గట్టిగా అరవాలి. ఆ అరుపు విన్నాకే ముందున్న డిఫెండర్ తల తప్పిస్తాడు. అరుపు అర సెకను ఆలస్యమైందా, ఇద్దరూ ఒకే బంతికి లేస్తారు, బంతి ఎవరికీ దక్కదు, వెనకాల నిలబడ్డవాడు ఖాళీ గోల్‌లోకి తోసేస్తాడు. మన దగ్గరైతే "అన్నా" అని పిలిచేంత పెద్దవాళ్లను అరిచి పక్కకు జరపాలి. నా దగ్గరి పిల్లల్లో చాలామంది చేతులతో కాదు, ఇక్కడే తడబడతారు. అందుకే వారంలో కొన్ని సెషన్లు క్యాచింగ్ పక్కనపెట్టి అరవడమే చేయిస్తాను. చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు అది ఇబ్బందే, తెలుసు.

అపోహ: అంత చిన్నవాడికి చోటిచ్చారంటే జట్టు బలంగా ఉండబట్టే. తప్పు చేసినా మిగతావాళ్లు కాచుకుంటారు.

వాస్తవం: దాదాపు ఎప్పుడూ దీనికి విరుద్ధంగానే జరుగుతుంది. బలమైన జట్టుకు స్థిరమైన కీపర్ ఉంటాడు, అతణ్ణి కదపరు. 2015-16లో తులూజ్ పట్టిక అడుగున ఈదుతోంది. మార్చిలో కోచ్ డొమినిక్ అరిబాజే వెళ్లిపోయి పాస్కల్ డుప్రాజ్ వచ్చేసరికి మిగిలినవి పది మ్యాచ్‌లు, కింది డివిజన్‌కు పడిపోకుండా కాపాడే స్థానం పది పాయింట్ల దూరం. చివరి రోజున ఆంజే మైదానంలో 3-2తో గెలిచి 17వ స్థానంతో గట్టెక్కారు. మొదటి సీజన్ అంతా లాఫాన్ నేర్చుకున్నది ఈ ఒత్తిడిలోనే. గోల్ మీదకు వారానికి నాలుగు బంతులే వచ్చే బలమైన జట్టులో ఉంటే ఇది వచ్చేది కాదని నా గట్టి అభిప్రాయం.

అపోహ: లోన్ మీద, అంటే కొన్నాళ్లు వేరే క్లబ్‌కు ఆడమని పంపారంటే వదిలించుకున్నట్టే.

వాస్తవం: ఫార్వర్డ్ కుర్రాడికి చివరి పదిహేను నిమిషాలైనా దొరుకుతాయి. కీపర్‌కు అదీ లేదు. ముందున్నవాడికి దెబ్బ తగలాలి, లేదా రెడ్ కార్డు పడాలి. రెండేళ్లు బెంచీ మీదే ఉంటే రెండేళ్లూ సున్నా నిమిషాలు. అందుకే లోన్. లూకా షెవాలియే అనే కీపర్ ఫ్రాన్స్‌లోని లిల్ క్లబ్ అకాడమీలో పెరిగాడు, 2021-22లో రెండో డివిజన్‌లోని వాలెన్సియెన్ తరఫున ఆడి వచ్చాడు. తిరిగొచ్చాక లిల్‌లో మొదటి కీపర్ అయ్యాడు. 2024-25లో లీగ్ ఉత్తమ కీపర్ అవార్డు తీసుకుని, ఆ వేసవిలోనే పీఎస్జీకి (పారిస్ సెయింట్ జర్మేన్ క్లబ్) వెళ్లాడు. మరో కీపర్ మైక్ మెన్యాన్‌ది వేరే దారి. పీఎస్జీ అకాడమీలో పెరిగినా ఆ క్లబ్ పెద్ద జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 2015లో లిల్ చేరాడు. 2021లో అదే పీఎస్జీని దాటి లిల్ చాంపియన్ అయినప్పుడు గోల్‌లో ఉన్నది అతనే.

అపోహ: పెద్ద లీగ్ పిలిచిందంటే ఎదిగినట్టే.

వాస్తవం: 2018లో లాఫాన్ పందొమ్మిదేళ్లకు ఇటలీలోని ఫియోరెంటినా క్లబ్‌కు వెళ్లాడు. మొదటి కీపర్‌గానే ఆడాడు. జట్టు మాత్రం 16వ స్థానంలో ముగించింది, మధ్యలో కోచ్ కూడా మారాడు. ఒక్క సీజన్‌కే లోన్ మీద నాంత్‌కు, అంటే మళ్లీ ఫ్రాన్స్‌కు. వెళ్లడమే తప్పని నేననను. కానీ కొత్త భాష, కొత్త డిఫెండర్లు, కుదురులేని జట్టు మూడూ ఒకేసారి మీద పడితే ఆ వయసువాడికి బరువే. నాంత్‌లోనూ దారి సాఫీగా లేదు. 2021లో రెలిగేషన్ ప్లేఆఫ్ (మొదటి డివిజన్‌లో ఉండేదెవరో తేల్చే మ్యాచ్‌లు) ఆడాల్సి వచ్చింది, ఎదుట ఎవరో కాదు, తులూజ్. రెండు మ్యాచ్‌లు కలిపి 2-2, బయటి మైదానంలో వేసిన గోల్స్ లెక్కతో నాంత్ నిలిచింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో పీఎస్జీ మీద 3-1తో గెలిచిన మ్యాచ్‌లో నెయ్‌మార్ కొట్టిన పెనాల్టీని లాఫాన్ ఆపాడు. మే నెలలో నీస్‌పై 1-0తో నాంత్ ఫ్రెంచ్ కప్ గెలిచింది.

అపోహ: ఎత్తుంటే చాలు.

వాస్తవం: 1998 ప్రపంచకప్ గెలిచిన ఫ్రాన్స్ జట్టు కీపర్ ఫాబియన్ బార్తెజ్ ఎత్తు ఆరడుగులు, అంతే. ఎత్తు పనికొస్తుంది, కాదనను. పాదాలు కదలని ఎత్తు మాత్రం పనికిరాదు.

అపోహ: పుట్టినప్పటి నుంచీ కీపింగే చేయించాలి.

వాస్తవం: ఫ్రాన్స్ జట్టుకు ఏళ్ల తరబడి గోల్ కాసిన హ్యూగో లోరిస్ పదమూడేళ్ల వరకు టెన్నిస్ ఆడాడు, తన వయసు వాళ్లలో ఫ్రాన్స్‌లోని మంచి ఆటగాళ్లలో ఒకడు. బంతి ఎటు వస్తుందో చదవడం, పక్కకు చిన్న చిన్న అడుగులు వేయడం ఆ ఆటలోనూ ఉన్నాయి. పదేళ్ల పిల్లాడికి గ్లవ్స్ తొడిగి రోజంతా డైవ్ చేయించే వాళ్లను చూస్తే నాకు చిరాకు.

అపోహ: క్లబ్‌లో బాగా ఆడితే దేశం జట్టు దానంతట అదే వస్తుంది.

వాస్తవం: మిడ్‌ఫీల్డర్లకు మూడు చోట్లుంటాయి, కీపర్‌కు ఒక్కటే. లోరిస్ 145 మ్యాచ్‌లు ఆడి 2023 జనవరిలో తప్పుకునే వరకు ఫ్రాన్స్ గోల్ ఇంచుమించు అతనిదే. ఆ తర్వాత అది మెన్యాన్‌ది. 2022 సెప్టెంబర్‌లో లోరిస్ గాయపడితే లాఫాన్‌కు పిలుపొచ్చింది గానీ మైదానంలోకి దిగలేదు. చివరికి ఫ్రాన్స్ సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే, 2025లో ఐవరీ కోస్ట్‌కు ఆడటం ఎంచుకున్నాడు.