కెమెరా పెడితే చదువు వస్తుందా? అపోహలు - వాస్తవాలు

నల్గొండలో నా దగ్గరికి కౌన్సెలింగ్‌కు వచ్చే ఇంటర్ పిల్లల తల్లిదండ్రుల నోట ఈమధ్య తరచూ వింటున్న మాట: "రూములో కెమెరా కూడా పెట్టించినం మేడం, అయినా మార్కులు వస్తలేవు." ఆ కెమెరా వల్లే రావడం లేదేమోనన్న అనుమానం ఎవరికీ రాదు.

అపోహ: ఎవరో ఒకరు చూస్తుంటేనే పిల్లలు బుద్ధిగా చదువుతారు.

వాస్తవం: బాగా చేతనైన పని నలుగురు చూస్తుంటే ఇంకా బాగా సాగుతుంది. ఇంకా రాని పని మాత్రం చెడిపోతుంది. ఏటా బతుకమ్మ ఆడే ఆమెకు జనం ఎక్కువైన కొద్దీ హుషారు వస్తుంది, కొత్తగా నేర్చుకునే పిల్ల అడుగు తప్పుతుంది. రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వవేత్త 1965లో దీన్ని సూత్రంగా చెప్పారు. 1969లో ఆయన బృందం బొద్దింకలతో పరీక్షించింది. పక్కన తోటి బొద్దింకలు చూస్తుంటే, తిన్నటి దారిలో ఇవి వేగంగా పరుగెత్తాయి. మలుపు వెతుక్కోవాల్సిన దారిలో మాత్రం ఆలస్యం చేశాయి. ఎవరైనా చూస్తుంటే ఒళ్లు అప్రమత్తమై, అలవాటైన పనే ముందు బయటికొస్తుంది. కొత్త లెక్కకు అది పనికిరాదు.

ఒక అబ్బాయి సంగతి, ఆనవాళ్లు మార్చి చెబుతున్నాను. బీరువా మీద తిరిగే కెమెరా. నాన్న దుకాణంలో కూర్చుని ఫోన్‌లో చూస్తాడు, మధ్యమధ్యలో దాని స్పీకర్‌లోంచే "ఏం జేస్తున్నవ్‌రా?" అంటాడు. కెమెరా మెడ తిరిగినప్పుడు సన్నగా చప్పుడవుతుంది. అది వినపడగానే వాడి చేయి పేజీ తిప్పేస్తుంది. నోట్సు తెప్పించి చూశాను. నిండా చక్కటి చేతిరాత, ఒక్క కొట్టివేత లేదు. అన్నీ గైడ్‌లోంచి ఎక్కించిన లెక్కలే. సొంతంగా చేయాలంటే కాసేపు గోడ వంక చూస్తూ ఆలోచించాలి, రెండుసార్లు తప్పు చేసి కొట్టేయాలి. దుకాణంలోంచి చూసే నాన్నకు అది ఖాళీగా కూర్చున్నట్టే కనిపిస్తుంది కదా! అందుకే వాడు చదువుతున్నట్టు కనిపించడం నేర్చుకున్నాడు. రెండేళ్ల ఇంటర్ ఇలా పోతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

కెమెరా తీసేయండి. సాయంత్రం పది నిమిషాలు పక్కన కూర్చుని, "ఈ రోజు చేసిన ఒక లెక్క నాకు చెప్పు బిడ్డా" అనండి. మీకు అర్థం కాకపోయినా పర్వాలేదు. పాఠం పట్టుబడ్డాక మాత్రం టైమ్ పెట్టి, ఎవరో ఒకరి ఎదుట పాత పేపర్లు రాయించండి. పరీక్ష హాల్లో ఎలాగూ ఇన్విజిలేటర్ ఉంటారు, ఆ అలవాటూ కావాలి.

అపోహ: బయటికి వెళ్తే అందరూ నన్నే చూస్తారు.

ఈ టెన్షన్‌తో కాలేజీ మానేసిన పిల్లలున్నారు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు 2000లో ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థులకు సిగ్గేసే బొమ్మ ఉన్న టీషర్ట్ వేసి గదిలోకి పంపారు. గదిలో ఉన్నవాళ్లలో దాదాపు సగం మంది ఆ బొమ్మ గమనించి ఉంటారని టీషర్ట్ వేసుకున్నవాళ్లు అనుకున్నారు. గమనించింది పావు వంతు మందే. భయపడుతున్నారని ఇంట్లో కూర్చోబెడితే భయం తగ్గదు, ముదురుతుంది. కొంచెం కొంచెంగా బయటికి పంపాలి, తోడుగా ఒకరు వెళ్లాలి.

అపోహ: వెనక నుంచి ఎవరైనా చూస్తే మనకు తెలిసిపోతుంది.

1898లోనే టిచనర్ అనే మనస్తత్వవేత్త తన ల్యాబ్‌లో పరీక్షించి, అలా తెలిసిపోవడమేమీ లేదని తేల్చారు. మనం వెనక్కి తిరిగితే ఆ కదలికకు అవతలివాళ్లు మన వైపు చూస్తారు, అంతే.

అపోహ: "ఫ్యాన్‌లో కెమెరా ఉంది, ఫోన్‌లోంచి వింటున్నరు" అంటే గాలి సోకినట్టే.

కాదు, దయచేసి తాయత్తులతో నెలలు పోగొట్టకండి. ముందు ఆ మాటలో నిజముందేమో చూడండి. ఎవరో వెంటపడుతున్నారని ఆడపిల్ల చెబితే నమ్మండి, పోలీసుల షీ టీమ్స్‌కు చెప్పండి. ఏ ఆధారమూ లేకుండా రోజుల తరబడి అదే మాట, నిద్ర లేదు, తిండిలో ఏదో కలిపారంటున్నారు అంటే సైకియాట్రిస్ట్‌కు చూపించాలి. మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ఎటు పోవాలో తోచకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు.