ఎముకలు గుల్లబారితే రాసే మందులు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో మందుల షాపు చూసుకునే ఫార్మసిస్టును. ఈ మందులు తీసుకెళ్లే అమ్మలు, పెద్దమ్మల దగ్గర రోజూ వినే మాటలివి.

అపోహ: వారానికో గోళీయే కదా, ఎప్పుడు వేసుకుంటే ఏంది?

వాస్తవం: ఈ మందులో ఎప్పుడు, ఎట్లా అన్నదే ముఖ్యం. "చాయ్ తాగినంక బీపీ గోళీతోటి ఏస్కుంటున్న సారూ" అని ఒక పెద్దమ్మ చెప్తే ప్రాణం ఉసూరుమంది, ఎందుకంటే వారానికోసారి వేసుకునే ఈ అలెండ్రోనేట్ గోళీ పరగడుపున వేసుకున్నా ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు కూడా ఉండదు, చాయ్, పాలు, కాల్షియం గోళీ తోడైతే ఆ కాస్తా పోతుంది. పొద్దున లేవగానే నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, నమలొద్దు, చప్పరించొద్దు. గిన్నెలకు తెల్లగా పేరుకునే బోరు నీళ్లు వద్దు, వాటిలోనూ కాల్షియం ఉంటుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లో, ఫిల్టర్ నీళ్లో తాగండి. తర్వాత అరగంట ఏమీ తినకుండా, నడుం వాల్చకుండా ఉండాలి (నెలకొకటి వేసుకునే ఐబాండ్రోనేట్ అయితే గంట). పడుకుంటే గోళీ అన్నవాహికలో ఆగి పుండు పడొచ్చు. అంతసేపు కూర్చోలేని వాళ్లు, మింగడం కష్టమయ్యేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. మీరు వేసుకునే రోజు ఆదివారమై, ఆ రోజు మరిచిపోతే సోమవారం పొద్దున ఒకటి వేసుకుని, మళ్లీ ఆదివారానికి వచ్చేయండి. ఒకే రోజు రెండు మాత్రం వద్దు.

అపోహ: మాది ఫ్లోరైడ్ ఊరు, ఈ గోళీతో ఆ నొప్పులు కూడా పోతాయి.

వాస్తవం: పోవు. మర్రిగూడ, నాంపల్లి వైపు వాళ్లకు ఇది గట్టిగా చెప్తాను. ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఫ్లోరోసిస్ జబ్బులో ఎముక స్కాన్‌లో చిక్కగా కనిపిస్తుంది గానీ లోపల పెళుసుగా ఉండొచ్చు. అందుకే డెక్సా స్కాన్ (ఎముక సాంద్రత కొలిచే పరీక్ష) రిపోర్టు చూపించేటప్పుడు ఏళ్ల తరబడి ఏ నీళ్లు తాగారో డాక్టరుకు చెప్పండి. పక్కింటామె చీటీతో మందు కొనొద్దు, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఈ గోళీలు పనికిరావు.

అపోహ: నొప్పి తగ్గింది, ఆరు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ ఈసారికి ఆపుదాం.

వాస్తవం: దయచేసి ఆపకండి. ఆ ఇంజెక్షన్ (డెనోసుమాబ్) మానేస్తే ఎముక వేగంగా అరిగి, వెన్నుపూసలు ఒకటికి నాలుగు విరిగే ప్రమాదం ఉంది. ఖర్చు భారమైతే తేదీ దాటకముందే డాక్టరును అడిగితే వేరే మందుకు మారుస్తారు.

అపోహ: పన్ను పీకించుకోవడానికి, ఈ మందుకు సంబంధం లేదు.

వాస్తవం: ఉంది. అరుదే గానీ దవడ ఎముక మానకపోవచ్చు, పళ్ల డాక్టరుకు ముందే చెప్పండి. దెబ్బ తగలకుండా తొడలోగానీ గజ్జల్లోగానీ నొప్పి మొదలైతే కూడా ఊరుకోకుండా ఎక్స్‌రే తీయించుకోండి.