అందరూ దాటిపోయే రేవు: బ్రిండిసి వెనుక కథ

బూటు ఆకారపు ఇటలీకి మడమ లాంటి చోట, ఆడ్రియాటిక్ ఒడ్డున ఉంది బ్రిండిసి. ఇక్కడ దిగినవాళ్లలో చాలామంది అరగంటలో రైలు చేర్చే లెచ్చేకు వెళ్లిపోతారు, లేదంటే గ్రీసు ఓడ ఎక్కేస్తారు. ఈ తీరు ఇప్పటిది కాదు. రోమ్ నుంచి వచ్చే అప్పియన్ రహదారి ఇక్కడే ముగిసేది. ఆపై ప్రయాణమంతా నీటి మీదే.

ఊరి రాత రేవు మూతి మీద ఆధారపడింది. లోపలి రేవు రెండు పాయలుగా చీలి ఊరిని చుట్టుకుంటుంది. బయటికి దారి సన్నటి కాలువ ఒక్కటే. క్రీ.పూ. 49లో రోమన్ అంతర్యుద్ధంలో తన ప్రత్యర్థి సేనాని పాంపేను లోపల బంధించాలని సీజర్ అక్కడ అడ్డుకట్టలు మొదలుపెట్టించాడు. అవి పూర్తయ్యేలోపే పాంపే జారుకున్నాడు. 15వ శతాబ్దంలో పొరుగు పట్టణం తరాంతో పాలకుడు శత్రు నౌకలు రాకుండా అదే చోట రాళ్లు నింపిన ఓడను ముంచేశాడు. శత్రువుల సంగతేమో గానీ, మేట పెరిగి నీళ్లు మురిగాయి, ఊరిని మలేరియా పట్టుకుంది. 1770లలో ఇంజనీరు ఆండ్రియా పిగొనాటి కాలువ తెరిపించాడు. అదీ పూడిపోయింది, 19వ శతాబ్దంలో మళ్లీ తవ్వాల్సి వచ్చింది.

ఆ తవ్వకం సరైన సమయానికి అక్కరకొచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో యుద్ధం రావడంతో, మార్సెయ్ మీదుగా సాగే లండన్–బొంబాయి టపా బ్రిండిసికి మళ్లింది. లండన్‌లో వేసిన ఉత్తరం రైల్లో ఇక్కడిదాకా వచ్చి, ఓడెక్కి బొంబాయి చేరేది. 1914 యుద్ధంతో ఆ వైభవం పోయింది. 1931 డిసెంబరులో రౌండ్ టేబుల్ సమావేశం నుంచి తిరిగొస్తూ గాంధీ ఓడెక్కింది ఇక్కడే. 1943 సెప్టెంబరులో రోమ్ వదిలి పారిపోయి వచ్చిన ఇటలీ రాజు కొన్ని నెలలు ఇక్కడే తలదాచుకున్నాడు. 1991 మార్చిలో అల్బేనియా నుంచి 20 వేలకు పైగా జనం కిక్కిరిసిన ఓడల్లో వచ్చి ఈ గట్టు మీదే దిగారు.

ఇప్పుడు వెళ్లేవాళ్లు తరచూ పొరబడేది ఓడల దగ్గర. స్టేషన్ నుంచి కోర్సో ఉంబెర్తో, కోర్సో గరిబాల్ది వెంట 20 నిమిషాల్లోపు నడిస్తే పాత రేవు వస్తుంది, కానీ గ్రీసు ఓడలు అక్కడ ఉండవు. ఊరి బయటి కోస్తా మోరెనాకు వెళ్లాలి. సామానుతో నడిచే దూరం కాదు, బస్సో టాక్సీయో చూసుకోవాలి.

రేవు మెట్ల పైనున్న రోమన్ స్తంభం ఎత్తు సుమారు 19 మీటర్లు. దాని జంట 1528లో కూలింది. పీఠం మిగిలింది, ముక్కలు తర్వాత లెచ్చేకు చేరి సెయింట్ ఒరొంజో విగ్రహానికి ఆధారమయ్యాయి. నిలిచిన స్తంభం మీది బోదిక (పైభాగపు చెక్కడపు దిమ్మ) కూడా నకలే. దేవతల బొమ్మలు చెక్కిన అసలుది దగ్గర్లోని పలాజ్జో గ్రనాఫెయి-నెర్వెన్యా అనే పాత భవనంలో ఉంది. కంటి ఎత్తులో చూడొచ్చు కాబట్టి, మా లెక్కన స్తంభం కంటే అదే ముఖ్యం.

గట్టు నుంచి మోటారు పడవలో అవతలికి దాటితే 1933లో చుక్కాని ఆకారంలో కట్టిన 53 మీటర్ల నావికుల స్మారకం కనిపిస్తుంది. విమానాశ్రయం దగ్గరి సాంతా మరియా దెల్ కసాలే చర్చి గోడచిత్రాలకు పేరుపొందింది. 1310లో టెంప్లర్ల (క్రైస్తవ యోధ సన్యాసుల సంఘం) విచారణ అక్కడే జరిగింది. చర్చిలు మధ్యాహ్నం మూసేస్తారు గనుక దానికి పొద్దున్నే వెళ్లి, పడవను సాయంత్రానికి పెట్టుకోవడం మేలు.