చౌక గ్రాఫిక్స్ కార్డు మీద వాలరెంట్, సీఎస్2: రిచీ స్ట్రీట్‌కి వెళ్లే ముందు తెలియాల్సిన అపోహలు - వాస్తవాలు

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో ఏ కౌంటర్ దగ్గర నిలబడ్డా తెలుగులోనో తమిళంలోనో వినబడే ప్రశ్న: "ఈ కార్డు మీద వాలరెంట్ నడుస్తుందా?" నడుస్తుంది. ఆ గేమ్ అడిగే కనీస కార్డు ఇంటెల్ హెచ్‌డీ 4000, అంటే 2012 నాటి ప్రాసెసర్లలో లోపలే ఉండే గ్రాఫిక్స్. కాబట్టి నడుస్తుందా అని కాదు, సెకనుకి ఎన్ని ఫ్రేములు (తెర మీద బొమ్మలు) వస్తాయి, అవి ఎంత నిలకడగా వస్తాయి అని అడగాలి. ఆ రెండింటికీ జవాబు చాలాసార్లు కార్డులో ఉండదు.

అపోహ: ఫ్రేములు పడిపోతున్నాయంటే కార్డు మార్చాల్సిందే.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. గేమ్‌లో రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కి దించి, అదే మ్యాప్‌లో అదే చోట నిలబడి చూడండి. ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) ఒక్కసారిగా పెరిగితే అడ్డం కార్డే. ఉన్నచోటే ఉంటే అడ్డం ప్రాసెసరో, ర్యామో. అప్పుడు కొత్త కార్డుకి పెట్టే డబ్బు దండగ. వాలరెంట్‌లో ఎక్కువగా తేలేది ఈ రెండోదే. సీఎస్2 (కౌంటర్-స్ట్రైక్ 2) మాత్రం కార్డును కూడా గట్టిగానే పిండుతుంది, ముఖ్యంగా స్మోక్ (పొగ బాంబు) పడినప్పుడు.

ర్యామ్ సంగతి చాలామంది పట్టించుకోరు. ఒకే 8 జీబీ స్టిక్ ఉన్న మెషీన్లో డీడీఆర్4 3200 సెకనుకి 25.6 జీబీ మాత్రమే అందిస్తుంది. అలాంటిదే ఇంకో స్టిక్ జత చేస్తే 51.2. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కేసి 2, 4 స్లాట్లలో పెట్టాలి. పక్కపక్కన గుచ్చేస్తే సింగిల్ చానెల్‌గానే (ఒక్క స్టిక్ వేగంతోనే) నడిచే బోర్డులున్నాయి. ఆ తర్వాత బయోస్‌లో (విండోస్ రాకముందు తెరిచే బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే ఎంపిక) ఆన్ చేయాలి, లేదంటే 3200 అని రాసున్న స్టిక్ 2133 దగ్గరో 2400 దగ్గరో పరిగెడుతుంది. కార్డు లేకుండా ప్రాసెసర్ గ్రాఫిక్స్ మీదే ఆడేవాళ్లకి దీనివల్ల వచ్చే లాభం అందరికన్నా ఎక్కువ, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ వాడుకునేది ఈ ర్యామ్‌నే.

అపోహ: జీబీ ఎక్కువుంటే కార్డు గొప్పది.

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. 4 జీబీ అని పెద్ద అక్షరాలతో పెట్టె మీద రాసున్న జీటీ 730, 4 జీబీ జీటీఎక్స్ 1650 పక్కన పెట్టి పోల్చదగ్గది కాదు. మొదటిదాన్లో 64 బిట్ డీడీఆర్3 రకమైతే మెమరీ వేగం సెకనుకి సుమారు 14 జీబీ. రెండోదాన్లో జీడీడీఆర్5 రకానికి 128, జీడీడీఆర్6 రకానికి 192. ట్యాంకు పెద్దదే, పైపు మాత్రం స్ట్రా అంత సన్నం.

ఇంకా చిత్రం జీటీ 1030. 2017లో వచ్చినప్పుడు అందులో జీడీడీఆర్5 మెమరీ, వేగం 48 జీబీ. మరుసటి ఏడాది అదే పేరుతో డీడీఆర్4 రకం వచ్చింది, దాని వేగం 17 జీబీ కూడా లేదు. పెట్టె ఒకేలా ఉంటుంది, పేరూ ఒకటే, ఆటలో మాత్రం పోలికే లేదు. బిల్లు కొట్టించే ముందు మెమరీ రకం చదవండి. షాపువాళ్లు "రెండూ ఒకటే తంబీ" అంటే ఒప్పుకోకండి.

సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్ 580 కొంటుంటే జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి షేడర్ల (చిప్‌లోని చిన్న లెక్కల యూనిట్ల) సంఖ్య చూడండి. అసలు 580కి 2304 ఉండాలి. 2048 కనిపిస్తే అది 580 పేరు పెట్టుకున్న 570. కార్డు బయోస్ మార్చి పాత చిప్‌కి కొత్త పేరు తగిలించిన ఎన్వీడియా కార్డుల్లో చాలావాటిని ఆ ప్రోగ్రామే ఫేక్ అని పట్టి చూపిస్తుంది. అరగంట స్ట్రెస్ టెస్ట్ నడిపించి, తెర మీద రంగు చుక్కలు రాకపోతేనే డబ్బు ఇవ్వండి.

అపోహ: 75 వాట్ల కార్డే కదా, పాత ఆఫీసు డెస్క్‌టాప్‌లో ఏది పెట్టినా సరిపోతుంది.

జీటీఎక్స్ 1650 మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే నడిచేలా తయారైంది, నిజమే. కానీ కొన్ని మోడళ్లకి విడిగా 6 పిన్ కరెంటు కావాలి, సన్నటి ఆఫీసు డబ్బాల పవర్ సప్లైలో ఆ వైరే ఉండదు. అప్పుడు సాటా వైరుని (హార్డ్ డిస్క్‌కి కరెంటు ఇచ్చేదాన్ని) 6 పిన్‌గా మార్చే అడాప్టర్ చేతిలో పెడతారు. తీసుకోవద్దు. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లు, 6 పిన్ అడిగేది 75 దాకా. ప్లాస్టిక్ కరగడం అక్కడే మొదలవుతుంది. కేస్ సన్నదైతే లో ప్రొఫైల్ (ఎత్తు తక్కువ) కార్డు తీసుకోండి, దానికి పొట్టి బ్రాకెట్ పెట్టెలోనే ఉందో లేదో చూసుకోండి.

ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ కార్డులకి ఇంకో మెలిక ఉంది. ఇవి బోర్డుతో డేటా మార్చుకోవడానికి నాలుగు లేన్లే (దారులే) వాడతాయి. పీసీఐఈ (కార్డు గుచ్చే స్లాట్) 4.0 బోర్డులో ఇబ్బంది లేదు, పాత 3.0 బోర్డులో ఆ దారి సగమవుతుంది. 4 జీబీ మెమరీ నిండనంతసేపు తెలీదు, టెక్స్‌చర్లు (గోడలు, వస్తువుల మీది బొమ్మలు) హై పెట్టి మెమరీ పొంగితే ఆట కుదుపులతో నడుస్తుంది. వీటిలో వీడియో ఎన్‌కోడర్ (ఆటని వీడియోగా మార్చే భాగం) కూడా లేదు కాబట్టి స్ట్రీమింగ్ ఉద్దేశం ఉంటే మా ఓటు 1650కే.

కార్డు కుదిరాక కూడా వాలరెంట్ తెరుచుకోకపోవచ్చు. విండోస్ 11లో ఆ గేమ్‌తో వచ్చే వాన్‌గార్డ్ యాంటీ చీట్‌కి (మోసాలు పట్టే ప్రోగ్రామ్‌కి) టీపీఎం 2.0 (కంప్యూటర్ భద్రతా భాగం), సెక్యూర్ బూట్ (నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌తోనే మొదలయ్యే సెట్టింగు) రెండూ ఆన్‌లో ఉండాలి. వ్యాన్ 9001 ఎర్రర్‌కి కారణం ఇదే. నాలుగో తరం ఐ5 బోర్డుల్లో చాలావాటికి టీపీఎం 2.0 ఉండదు. ఉన్న బోర్డులో కూడా డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంటే ముందు జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలి. అది చేయకుండా సీఎస్‌ఎం (బోర్డులోని పాత బూట్ పద్ధతి) ఆపేస్తే విండోసే బూట్ అవదు.

అపోహ: 144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు తెర మారే) మానిటర్ తగిలిస్తే చాలు.

కేబుల్ మదర్‌బోర్డు పోర్టులో గుచ్చి, కార్డు పనిచేయట్లేదని తెచ్చే మెషీన్లకి లెక్కలేదు. కేబుల్ కార్డుకే గుచ్చాలి, వీలుంటే డిస్‌ప్లే పోర్టు. తర్వాత విండోస్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్లి 60ని 144 చేయాలి. అది మనం మార్చేదాకా 60 మీదే ఉండిపోవడం మామూలే.

అపోహ: మంచి కార్డు పెడితే పింగ్ (సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే సమయం) తగ్గుతుంది.

తగ్గదు. సీఎస్2కి చెన్నైలోనే సర్వర్ ఉంది, వాలరెంట్ సర్వర్ ముంబయిలో. ఒకే ఇంట్లో రెండు ఆటలకి పింగ్ వేరుగా కనిపించడానికి ఇదే ముఖ్య కారణం. వైఫై వదిలి లాన్ వైరు లాగండి.

అపోహ: సెట్టింగులన్నీ లో పెడితేనే ఆట సాఫీగా ఉంటుంది.

ప్రాసెసర్ దగ్గర అడ్డం ఉన్నప్పుడు టెక్స్‌చర్ తగ్గించినా పెరిగేది ఏమీ ఉండదు. కార్డు దగ్గర ఉంటే ముందు ఎంఎస్ఏఏ (అంచులు నునుపు చేసే సెట్టింగు) తగ్గించండి, తర్వాత 1280×960కి రండి. పిక్సెళ్లు దాదాపు 41 శాతం తగ్గుతాయి. సీఎస్2లో ఎఫ్‌ఎస్‌ఆర్ (చిన్న బొమ్మని సాగదీసి పెద్దగా చూపే సెట్టింగు) పెర్ఫార్మెన్స్ మీద పెడితే ఫ్రేములు వస్తాయి గానీ దూరంలో నిలబడ్డ మనిషి మసకబారతాడు. గురి పెట్టాల్సిన ఆటలో అది మంచి బేరం కాదు. సీఎస్2లో షాడోలు పూర్తిగా చంపేయకండి, మూల దాటి వచ్చేవాడి నీడ ముందే కనిపిస్తుంది.

సగటు 140 వస్తూ మధ్యమధ్య 50కి పడిపోయే ఆట కన్నా, 100 దగ్గర కట్టేసిన ఆట చేతికి బాగుంటుంది. 100కి ఒక్కో ఫ్రేముకి 10 మిల్లీసెకన్లు, 50కి 20. ఆ తేడానే మనకి కుదుపుగా తెలుస్తుంది. డ్రైవర్ అప్‌డేట్ చేసిన వెంటనే ర్యాంక్డ్‌లోకి దూకకండి. షేడర్లు (ఇక్కడ బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) మళ్లీ తయారవ్వాలి, ఒకట్రెండు డెత్‌మ్యాచ్‌లు ఆడితే ఆ కుదుపు పోతుంది.

అపోహ: వేడెక్కితే సైడ్ ప్యానెల్ తీసేస్తే సరి.

మే నెలలో గది 38 డిగ్రీలుంటే, ఏసీ 26 మీద ఉన్నప్పటి కన్నా కార్డు కూడా దాదాపు ఆ 12 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. ఎన్వీడియా కార్డులు సుమారు 83 దగ్గర క్లాక్ (వేగం) తగ్గించుకోవడం మొదలుపెడతాయి. ప్యానెల్ తీస్తే కాసేపు చల్లబడుతుంది, కానీ తిరువాన్మియూర్, బెసంట్ నగర్ లాంటి చోట్ల దుమ్ముతో పాటు ఉప్పు గాలి కూడా నేరుగా లోపలికొచ్చి పిన్నులకి తుప్పు పట్టిస్తుంది. ముందు వైపు 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి గాలి లోపలికి లాగేలా బిగించండి, మూడు నెలలకోసారి దుమ్ము ఊదండి. ఊదేటప్పుడు కార్డు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోవాలి. బ్లోయర్ వేగానికి అది గిర్రున తిరిగితే బేరింగ్ పోతుంది.