పరమాన్నం విరిగితే పాలవాడిని తిట్టకండి

బెంగళూరులో తెలుగువాళ్ల ఇళ్లకు పండగ వంట చేసిపెడుతుంటాను. ఉగాదికి ఫోన్లు బాగా వస్తాయి. అన్నీ ఆర్డర్లు కావు, సగం ఫోన్లు "పొయ్యి మీద ఉంది, ఇప్పుడేం చెయ్యాలి" అనే. ఏటా వినే మాటలు కొన్ని ఇవి.

అపోహ: బెల్లం వేయగానే విరిగాయంటే పాలు మంచివి కావు.

వాస్తవం: చాలాసార్లు తప్పు పాలది కాదు, మన తొందరది. బెల్లంలో కాస్త పులుపు గుణం ఉంటుంది. మరుగుతున్న పాలకు ఆ కొంచెం చాలు. కొత్తలో ఒకరింట్లో నాలుగు లీటర్ల పాలు ఇలాగే విరగ్గొట్టాను. కుతకుతలాడుతుండగా బెల్లం పోశాను. ముందు గిన్నె అంచున పలచటి నీరు తేలింది, తర్వాత తెల్లని పలుకులు. ఆ ఇంటి పిన్నిగారు వెళ్లి ప్యాకెట్ మీద తేదీ చూసొచ్చి, "రేపటిదాకా ఉందే" అన్నారు. నేను నోరు మెదపలేదు.

ఇప్పుడు అన్నం పాలలో మెత్తగా ఉడికాక పొయ్యి ఆపేస్తాను. బెల్లాన్ని విడిగా కొద్ది నీళ్లలో కరిగించి వడకడతాను. రెండూ గోరువెచ్చగా అయ్యాకే కలుపుతాను, మళ్లీ పొయ్యి ఎక్కించను. అన్నం ముందే ఉడకాలనడానికి ఇంకో కారణం ఉంది: తీపి పడ్డాక బియ్యం ఇక సరిగా మెత్తబడవు.

అపోహ: ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదు.

వాస్తవం: ఉప్పు పాపం ఏమీ చేయదు. పప్పును బిగదీసేది చింతపండు, టమాటా. పులుపు ఎప్పుడూ పప్పు ఉడికాకే.

బొబ్బట్ల శనగపప్పుది మాత్రం వేరే గొడవ. కుక్కర్‌లో పెడితే ముద్దయి పూర్ణం జారిపోతుందని చాలామంది గిన్నెలోనే ఉడికిస్తారు. "మా నెల్లూరులో చిటికెలో ఉడికేది, ఇక్కడ గంటైనా పలుకే" అంటారు. నిజమే. బెంగళూరు 900 మీటర్లకు పైన ఉంది, ఇక్కడ నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. దానికి తోడు బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో అయితే వాటిలోని కాల్షియం పప్పును మెత్తబడనివ్వదు. రెండు గంటలు నానబెట్టి, తాగే నీళ్లతో ఉడికించండి. వేలితో నొక్కితే నలగాలి, ఆకారం చెదరకూడదు. పూర్ణం జారుగా వచ్చిందా, కంగారు పడి శనగపిండి కలపకండి, సన్నటి సెగ మీద తిప్పుతూ దగ్గరపడనివ్వండి.

అపోహ: గారె నూనెలో పేలితే దిష్టి తగిలినట్టు.

వాస్తవం: దిష్టి కాదు, ఆవిరి. పిండిలో నలగని పప్పు బద్దలో, గాలి బుడగో మిగిలితే పైపొర గట్టిపడ్డాక లోపలి ఆవిరికి దారి దొరకదు. మధ్యలో చిల్లు పెట్టేది అందం కోసం మాత్రమే కాదు, లోపల కూడా సమంగా వేగడానికి. ఇక నూనె పీల్చాయంటే పిండి పలచనైనట్టే. రెండు చెంచాల బియ్యప్పిండి కలిపి చూడండి. అన్నట్టు, మూకుడులో మంట లేస్తే నీళ్లు మాత్రం పోయకండి. స్టవ్ ఆపి మూత పెట్టేయండి.

అపోహ: ఉప్పెక్కువైన సాంబారులో బంగాళాదుంప వేస్తే సరి.

వాస్తవం: దుంప ఉప్పు నీళ్లను పీల్చుకుంటుంది కానీ మిగిలిన సాంబారు ఉప్పదనం తగ్గదు. ఉప్పు లేకుండా ఉడికించిన పప్పు, నీళ్లు కలపడమే దారి.

అసలు పండగపూట ఉప్పు తేడా వచ్చేదే ఎక్కువ, ఎందుకంటే నైవేద్యం పెట్టేదాకా రుచి చూడం. ఇది అపోహ కాదు, ఆచారం. నేనూ చూడను. అందుకే నా సంచిలో గరిటెలతో పాటు చిన్న డిజిటల్ తూకం ఉంటుంది. కిలో బియ్యం పులిహోరకు 30 గ్రాముల ఉప్పు. మొదటిసారి దాన్ని బయటికి తీసినప్పుడు పిన్నిగారు, "వంటకొచ్చావా, బంగారం తూచడానికొచ్చావా?" అన్నారు.