పరిగెత్తే పిల్లల కిడ్నీల గురించి కాస్త ఆలోచించండి

వైజాగ్‌లో నేవీ మారథాన్ సీజన్ వచ్చిందంటే బీచ్ రోడ్డులో తెల్లారకముందే టెన్త్, ఇంటర్ పిల్లలు పరిగెడుతూ కనిపిస్తారు, కొంతమంది రుషికొండ దాకా పోయి వస్తారు, చూస్తే ముచ్చటేస్తుంది. కానీ వాళ్ళకి నీళ్ళు తాగమని తప్ప ఇంకేమీ చెప్పేవాళ్ళు ఉండరు.

ఊరికే కూర్చున్నప్పుడు గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే పోతుంది. పరిగెత్తేటప్పుడు అది కాళ్ళకీ చర్మానికీ మళ్ళుతుంది, పైగా మన ఉక్కపోతలో చెమట కారుతుందే గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, ఇంకా చెమట పోస్తుంది, అలా కిడ్నీకి రెండువైపులా దెబ్బ. అమెరికాలో 2015 హార్ట్‌ఫర్డ్ మారథాన్‌లో 22 మందిని పరీక్షిస్తే 82 శాతం మందికి కిడ్నీ దెబ్బతిన్నంతగా క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చే, కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగింది. వాళ్ళు పెద్దవాళ్ళు, రెండు రోజుల్లో చాలామటుకు సర్దుకుంది.

అలాగని లీటర్లకి లీటర్లు తాగించడం కూడా తప్పే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం పడిపోయింది, ముఖ్యంగా ఎక్కువ తాగి బరువు పెరిగినవాళ్ళకి. దాహమేస్తే తాగాలి, పరుగయ్యాక ఉప్పేసిన మజ్జిగ మంచిది.

నాకు అన్నిటికంటే భయం పెయిన్‌కిల్లర్ అంటే. మోకాలు నొప్పని రేసుకి ముందు ఐబుప్రోఫెన్ వేసుకుంటారు, అసలే రక్తం తగ్గిన కిడ్నీలో నాళాల్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లని ఆ మాత్ర ఆపేస్తుంది. 80 కిలోమీటర్ల అల్ట్రా రేసుల్లో చేసిన పరీక్షలో అది వేసుకున్నవాళ్ళలో 52 శాతం మందికి, మందులేని మాత్ర వేసుకున్నవాళ్ళలో 34 శాతం మందికి కిడ్నీ దెబ్బతింది. పిల్లలకి రేసు రోజు ఆ మాత్ర ఇవ్వొద్దు, దయచేసి.

పరుగయ్యాక యూరిన్ కోలా రంగులో వస్తే, కండరాలు విపరీతంగా నొప్పెడితే ఇంట్లో కూర్చోవద్దు, కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ హాస్పిటల్) దగ్గర్లోని ఆసుపత్రికో వెంటనే తీసుకెళ్ళండి, కండరం చితికి అందులోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ కిడ్నీలో చేరుతుండొచ్చు. క్రియాటినిన్ రిపోర్ట్‌లో నార్మల్ అని ఉందని వచ్చేయొద్దు, ల్యాబ్‌లు చాలాసార్లు పెద్దవాళ్ళ లెక్కే ప్రింట్ చేస్తాయి. పిల్లలకి కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ కూడా తక్కువే ఉంటుంది, మామూలుగా 0.6 ఉండే పిల్లాడికి 1.0 వచ్చిందంటే ఒకటిన్నర రెట్లు దాటినట్టే, డాక్టర్లు దాన్ని కిడ్నీ దెబ్బ కిందే లెక్కేస్తారు, అందుకే పాత రిపోర్ట్ ఉంటే వెంట తీసుకెళ్ళండి.